రెండక్షరాల ముందు ఆగిన చెయ్యి

పాత బస్టాండు ఎదురుగా ఉండే పొడుగు గోడ మీద ఆ ఏడు వానాకాలమంతా 'జై తెలం' అనే ఉండిపోయింది. మిగతా రెండక్షరాలు రాయాల్సిన మనిషి నిచ్చెన మీది నుంచి పడ్డాడు. ఆ మనిషి మా బాపు.

వాన వెలిసిన పొద్దు అది. గోడ కింద మట్టి ఇంకా మెత్తగానే ఉంది. నిచ్చెన కాలు ఒకటి దిగబడి పక్కకు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే బాపూ చేశాడు, కుడి అరచెయ్యి నేలకు అడ్డం పెట్టాడు. బరువంతా మణికట్టు మీద పడింది. రంగు డబ్బా కూడా వెంటే పడింది. దవాఖానకు తీసుకుపోయేసరికి మోచేతి దాకా నీలం. నర్సమ్మ కిరసనాయిలు గుడ్డతో రంగు తుడిచాక గానీ చెయ్యి ఎక్కడ వాచిందో కనబడలేదు. బొక్క విరిగిందన్నారు. సిమెంటు పట్టీ వేసి, మెడకు గుడ్డ కట్టి, ఆ గుడ్డలో చెయ్యి వేలాడదీసి పంపించారు.

బాపు బోర్డులు రాస్తాడు. కిరాణా కొట్లు, హోటళ్ళు, బడి గోడలు, ట్రాలీల వెనక తలుపులు, సిద్దిపేటలో ఆయన చెయ్యి పడని సందు లేదు. ఉద్యమం ఊపందుకున్నాక జనం బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ తుడిపించి టీజీ రాయించుకోవడం మొదలుపెట్టారు. పొద్దున లేచేసరికి మా వాకిట్లో బండ్ల వరుస ఉండేది. చాయ్ చల్లారేలోపు ఒక ప్లేటు అయిపోయేది.

బాపు రాత అంతా మణికట్టులో ఉండేది. భుజం కదిలేది కాదు, మోచెయ్యి కదిలేది కాదు. చిటికెన వేలు గోడకు ఆనించి, మణికట్టు ఒక్కటే తిప్పేవాడు. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, ఒక్కొక్కటి ఆ మణికట్టు లోంచి తిరిగి బయటికొచ్చేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేదాన్ని. ణ రాసేటప్పుడు బాపు కింది పెదవి కొంచెం ముందుకు వచ్చేది. "ఆఖరుకు గీ తోక తిప్పుడు చూడు బిడ్డా, దీని అందమంత గీన్నే ఉన్నది" అనేవాడు.

అందుకే, చెయ్యి విరిగిందంటే మా ఇంట్లో ఒకటే భయం. అది అతుకుతుంది, ఆ సంగతి డాక్టరు చెప్పాడు. మునుపటిలాగా తిరుగుతుందా, ఆ గోడ మీద గా, ణ రాయగలుగుతుందా అన్నదే మాకు తెలియదు.

ఊళ్ళో వాళ్ళు మాత్రం దీన్ని మా ఇంటి సంగతిగా ఉంచలేదు. నేను పాలకు పోతే చాయ్ హోటలాయన పిలిచి అడిగేవాడు.

"ఏం బిడ్డా, మీ బాపు చెయ్యెట్లున్నది?"

"ఉన్నది కాకా."

"జర తొందరగ బాగుచేసుకొమ్మను. గోడ మీద తెలంగాణ సగంల ఆగింది. ఢిల్లోళ్ళు చూసి, సగం సాలు వీళ్ళకు అనుకుంటరు."

హోటల్లో అందరూ నవ్వేవాళ్ళు. నేను తల వంచుకుని పాల గిన్నె చూసుకుంటూ వచ్చేసేదాన్ని. మాట్లాడాల్సిన మాటలు నాకు ఇంటికి వచ్చాక, డైరీ తెరిచాక దొరికేవి. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. క్లాసులో హాజరు పలకడానికి కూడా గొంతు సవరించుకునే పిల్లను.

దీక్ష టెంటులో కూర్చునే పిల్లలు ఒకనాడు ఇంటికి వచ్చారు. మిగిలింది మేం రాస్తాం అన్నారు. బాపు పట్టీ చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"రాస్తరు, బాగనే ఉన్నది. నా తెలం ఒక తీరుగుంటది, మీ గాణ ఒక తీరుగుంటది. చూసేటోడు ఏమనుకుంటడు?"

"పోనీ అన్నా, దాని మీద ఫ్లెక్సీ కట్టేద్దుమా?"

అమ్మ అన్నం చేసే దగ్గర్నుంచి నా వైపు చూసింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. బాపు ముఖం గట్టిపడింది.

"నా గోడ ముట్టకున్రి" అన్నాడు. పిల్లలు చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

ఫ్లెక్సీ మాటకు అంత కోపం ఎందుకో చెప్పాలంటే మా పెద్దబాపు గురించి చెప్పాలి. పెద్దబాపు అంటే మా బాపుకు సొంత అన్న. ఇద్దరూ కలిసే బోర్డులు రాసేవాళ్ళు. ఒకరు రాస్తుంటే ఒకరు నిచ్చెన పట్టేవాళ్ళు. సినిమా హాళ్ళకు పెద్ద పెద్ద కటౌట్లు కూడా రాశారట, నాకు ఊహ తెలియని రోజుల్లో. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పెద్దబాపు కుంచె పక్కన పెట్టి, ఫ్లెక్సీ మిషన్ కొని షాపు తెరిచాడు. ఆ షాపు తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టిన జనం మధ్యనే బాపు అన్నాడట, "చెయ్యి అమ్ముకున్నవ్ అన్నా" అని. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇళ్ళు మాత్రం ఆనుకునే ఉంటాయి. ముందు గుమ్మాలు వేరు వీధుల్లోకి ఉన్నా వెనక జాగలు కలిసే ఉంటాయి, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీది నుంచి అమ్మా పెద్దమ్మా కరివేపాకు, పచ్చిపులుసు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఆ టైముకు వేరే పని చూసుకునేవాళ్ళు.

ఆ పిల్లలు పోయాక బాపు నిచ్చెన వైపు చూస్తూ కూర్చున్నాడు. గోడ రాసిన రోజు నిచ్చెన పట్టడానికి ఎవరైనా ఉంటే పడకపోయేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

పట్టీ తీసే రోజు బాపుకు తోడుగా నేను పోయాను. కోసే మిషన్ గిర్రున తిరుగుతుంటే బాపు కళ్ళు మూసుకున్నాడు, నేను ఆయన భుజం మీది అంగీ మడత పట్టుకున్నాను. లోపలి నుంచి బయటపడ్డ చెయ్యి బాపుది కాదనిపించింది. సన్నగా, పొలుసులు పొలుసులుగా, పాలిపోయి ఉంది. మణికట్టు కొయ్యలాగా ఉంది. పైకి వంగదు, కిందికి వంగదు. అరచెయ్యి వెల్లకిలా తిప్పమంటే భుజం అంతా తిరుగుతోంది, అరచెయ్యి మాత్రం నేలనే చూస్తోంది.

ఆ రోజే హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ మేడమ్ ఉంది. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆమె బాపుకు చూపిస్తూ, మధ్యలో ఆగి నన్ను చూసింది.

"మీ బాపు ఊ అంటున్నరు గానీ వింటలేరు. నువ్వు నేర్చుకో. నీ చెయ్యి ఇటివ్వు."

నా చెయ్యి పట్టుకుని అన్నీ చూపించింది. ముందు గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి నానబెట్టాలి. తర్వాత మోచేతి నుంచి మణికట్టు దాకా బల్ల మీద ఆనించి, అరచెయ్యి ఒక్కటి మాత్రం అంచు బయటికి వేలాడాలి. అక్కడి నుంచి మెల్లగా పైకి లేపాలి, మెల్లగా కిందికి దించాలి. అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, బస్సు అద్దం తుడిచే వైపర్ లాగా పక్కలకు జరపాలి. మోచెయ్యి నడుముకు ఆనించి, అరచెయ్యి వెల్లకిలా బోర్లా తిప్పాలి. పిడికిలి బిగించాలి, వేళ్ళు విప్పాలి. ఆఖరుకు రెండు అరచేతులూ ఛాతీ ముందు దండం పెట్టినట్టు కలిపి, కలిపినవి కలిపినట్టే మెల్లగా కిందికి దించాలి. గుంజినట్టు ఉంటే మంచిదే, పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడ ఆపాలి. ఒకేసారి ఎక్కువ చెయ్యొద్దు, కొంచెం కొంచెం, రోజులో చాలాసార్లు.

"ఎన్నటికి మంచిగైతదో అడుగు" అని బాపు నన్ను గిల్లాడు. నాకు నోరు రాలేదు. ఆమెకే అర్థమైంది.

"కింద కూసున్నప్పుడు ఆ అరచెయ్యి నేలకు ఆనిచ్చి, దాని మీద బరువేసి లేవగలిగిన రోజు, చెయ్యి వచ్చిందని అనుకోండి" అంది. "వచ్చే వారం నేను చూస్త."

వచ్చే వారం ఆమె రాలేదు. తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మె మొదలైంది. బస్సులు డిపోలోంచి కదల్లేదు. బళ్ళు, కాలేజీలు, ఆఫీసులు అన్నీ బంద్. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. ఊరంతా బయట ఉంది. నేనూ బాపూ ఇంట్లో, వేణ్ణీళ్ళ గిన్నె ముందు ఉన్నాం. ఆ మేడమ్ చూపించింది ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి రోజు బాపు గిన్నెలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. నేను సబ్బు రాసి, ఊడిపోతున్న తోలు మెత్తగా తీశాను. బడికి పోయే రోజుల తర్వాత బాపు చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదటిసారి. ఇద్దరికీ సిగ్గేసింది. ఇద్దరం నీళ్ళనే చూశాం. గోళ్ళ మూలల్లో ఇంకా నీలం రంగు ఉంది, సన్నటి గీతలుగా.

"బల్ల లేదు గదా మనకు, మోచెయ్యి దేని మీద పెట్టాలె?" అన్నాను.

"గా మంచం కింద నీ పుస్తకాలున్నయి గదా, పట్కరా."

నా ముఖం వేడెక్కింది. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు అక్కడున్నాయని నాకు తప్ప ఎవరికీ తెలియదనుకునేదాన్ని. ఆడపిల్ల గంటలు గంటలు కథల పుస్తకాలు చదువుతుందంటే చుట్టాలు నవ్వుతారని పాత చీరలో చుట్టి పెట్టేదాన్ని.

"నీకెట్ల ఎర్క బాపూ?"

"అట్టలు చూస్త గదా నేను, నువ్వు నీళ్ళకు వోయినప్పుడు. అక్షరాలు ఎట్లేసిన్రో చూద్దామని. ఒకదాని మీద పేరు మస్తు రాసిండ్రు."

పుస్తకాలు దొంతి పెట్టి, దాని మీద తువ్వాల పరిచి, బాపు చెయ్యి ఆనించాం. లావు నవలలు కింద, పల్చటి కథల పుస్తకాలు పైన. అంచు బయట ఆ చెయ్యి ఎండిన ఆకులాగా వేలాడింది. పైకి లేపమన్నాను. వేళ్ళు లేచాయి, చెయ్యి లేవలేదు. బాపు నుదుటి మీద చెమట పట్టింది.

"లేస్తలేదు బిడ్డా."

"లేసింది బాపూ. జరంత లేసింది. నేను చూసిన."

నిజంగానే లేచింది, ఒక్క గోరు మందం.

అట్లా రోజులు గడిచాయి. తిప్పే కసరత్తుకు చేతిలో ఏదైనా కట్టె పట్టుకోమన్నది మేడమ్. బాపు ఎండిన కుంచె పట్టుకున్నాడు. కుంచె నిటారుగా నిలబెట్టి ఒకసారి కుడికి వాల్చేవాడు, ఒకసారి ఎడమకు. పిడికిలికి బంతి పిసకమంటే ఇంట్లో బంతి లేదు. అమ్మ జొన్నపిండి ముద్ద తెచ్చి ముందు పెట్టింది.

"ఇగో, ఇది పిసుకు. నీ కసరత్తు అయితది, నా రొట్టె పని అయితది."

"మొగోళ్ళతోని పిండి పిసికిస్తవా?"

"ఊరంత రోడ్ల మీద మొగోళ్ళే వంటలు జేస్తున్నరు. తెలంగాణ కోసం వండంగ లేంది, చెయ్యి కోసం పిసకరాదా?"

ఆ నెలలో మా రొట్టెలు ఎప్పుడూ లేనంత మెత్తగా వచ్చాయి. అమ్మ ఆ సంగతి పెద్దమ్మకు గోడ మీది నుంచి చెప్పి నవ్వింది. మేడమ్ నేర్పినవాటిలో బాపు ఇష్టంగా చేసేవి కిందికి వంచేది, తిప్పేది. కుంచెకు పనికొచ్చేవి అవే అని ఆయన లెక్క. వెనక్కి వంచేది మాత్రం ఎగ్గొట్టేవాడు. దాంట్లోనే నొప్పి ఎక్కువ. రెండు మూడు రోజులు చూసి, ఇక ఆగలేక అన్నాను.

"బాపూ, దండం లెక్క పెట్టేది నువ్వు చేస్తలేవు."

"దానితోని నాకేం పని? రాసేటోనికి చెయ్యి ఎన్కకు ఎందుకు వంగాలె?"

"నిచ్చెన మీద ఆ చేత్తోని కడ్డీ పట్టుకోవా? గోడకు అరచెయ్యి ఆనియ్యవా? మేడమ్ ఏం చెప్పింది, బరువేస్తెనే చెయ్యి వచ్చినట్టని."

నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం బాపు ఎన్నడూ వినలేదు. కాసేపు నన్నే చూసి, రెండు చేతులు కలిపాడు. కలిసింది వేళ్ళ కొసలు మాత్రమే. అరచేతుల మధ్య పిచ్చుక దూరేంత సందు ఉంది.

గాలి ఆడుతుందని మరునాడు వాకిట్లో గద్దె మీద కూర్చుని మొదలుపెట్టాడు. అక్కడ తప్పు జరిగింది. మా వీధిలో ఎదురుగా మనిషి దండం పెడితే తిరిగి పెట్టకుండా ఎవరూ పోరు. బండి మీద పోయేవాళ్ళు బండి ఆపి పెట్టారు. కూరగాయల గంప ఎత్తుకున్నామె గంప దించి పెట్టి, మళ్ళీ ఎత్తించుకోవడానికి మనిషి దొరక్క నన్ను పిలిచింది. ర్యాలీకి పోతున్న పంతులు సారు ఆగిపోయాడు.

"ఏందే, పొద్దుగాల్నే అందరికి దండాలు వెడ్తున్నవ్? ఎలక్షన్ల నిలవడ్తున్నవా?"

మూల మీది పంక్చర్ షాపు చాచా ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "సలాం భాయ్ సలాం. ఏం పని వడ్డది నాతోని, గింత పెద్ద దండం?" అన్నాడు.

ప్రతి మనిషికీ చెయ్యి చూపించి, కథంతా చెప్పి, పట్టీ తీసిన రోజు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఒక కసరత్తు అయ్యేలోపు పొద్దెక్కేది. బాపుకు విసుగొచ్చి పుస్తకాలు, తువ్వాల, కుంచె అన్నీ ఎత్తించి ఇంటి వెనక జాగలోకి మార్చాడు. అక్కడ ఎవరూ రారు. గిన్నెలు తోమే బండ పక్కన పీట వేసుకుని, గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఆ గోడ పెద్దబాపు గోడ.

నేను లోపల వేణ్ణీళ్ళు పెడుతున్నాను. కిటికీలోంచి చూస్తే, గోడ అవతల పెద్దబాపు వేపపుల్ల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇవతల బాపు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, రెండు చేతులూ కలిపి కూర్చున్నాడు. పెద్దబాపు అటూ ఇటూ చూశాడు. నోట్లోంచి వేపపుల్ల తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అప్పుడే బాపు కళ్ళు తెరిచాడు.

ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. తర్వాత పెద్దబాపు గిరుక్కున తిరిగి లోపలికి పోయాడు. వేపపుల్ల కింద పడిపోయింది.

బాపు పీట మీది నుంచి లేచి నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

"ఆయన నేను దండం వెట్టిన అనుకున్నడు."

అమ్మ రొట్టె చరుస్తూనే ఉంది. "మరి వోయి చెప్పిరా. నీకు వెట్టలే, ఎక్సర్‌సైజ్ చేసిన అని."

"నేనెందుకు చెప్పాలె? మాటలే లేవు గదా మాకు."

"అయితె చెప్పకు."

"చెప్పకుంటె అట్లనే అనుకుంటడు."

"అనుకోనియ్యి" అంది అమ్మ, రొట్టె పెనం మీద వేస్తూ.

మరునాడు వెనక జాగలో పీట నేనే వేయాలి. ముఖం ఎటు పెట్టాలో తెలియక గోడకు అడ్డంగా, ఏ వైపూ కాకుండా వేశాను. బాపు వచ్చి, ఒక కాలితో పీటను మెల్లగా తిప్పుకుని, మళ్ళీ గోడ వైపే కూర్చున్నాడు.  కాసేపటికి అవతల తలుపు చప్పుడైంది. ఆ రోజు బాపు కళ్ళు మూసుకోలేదు.

అప్పటి నుంచి అది రోజూ జరిగింది. పెద్దబాపు వచ్చేవాడు, ఒక దండం పెట్టేవాడు, ముఖం కడుక్కునేవాడు, పోయేవాడు. ఒక్క మాట లేదు. కానీ బాపు వెనక్కి వంచే కసరత్తు మళ్ళీ ఎన్నడూ ఎగ్గొట్టలేదు. పొద్దున ఒకసారి చెయ్యమంటే చాలు, నీళ్ళు కాగకముందే పీట అడిగేవాడు. అరచేతుల మధ్య సందు తగ్గుతూ వచ్చింది. పిచ్చుక పట్టేది కాస్తా ఆపైన ఒక నిమ్మకాయ, ఆపైన ఒక చింతగింజ పట్టేంతైంది. నేను డైరీలో ఏ రోజుకారోజు ఆ సందులో ఏమి పడుతుందో రాసుకునేదాన్ని.

తిరగడం మాత్రం అంత సులువుగా రాలేదు. అరచెయ్యి వెల్లకిలా కావాలంటే సగంలో ఆగిపోయేది. కుంచెకు కావాల్సింది అదే. ఒకరోజు బాపు గాలిలో ణ రాసి చూసుకున్నాడు. తోక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ అక్కడే ఆగింది. కుంచె నా పుస్తకాల మీద పెట్టి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. దూరంగా రోడ్డు మీద డప్పులు మోగుతున్నాయి. నేను పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తీసుకుని మేడమ్ నా చేతిని తిప్పినట్టు మెల్లగా తిప్పాను. ఆగిన దగ్గర ఆపాను. బాపు ఊపిరి వదిలాక కొంచెం ముందుకు తిప్పాను.

"నొస్తుందా?"

"గుంజుతున్నది. పొడుస్తలేదు."

"గుంజుడు మంచిదే."

"నువ్వే డాక్టరయితివి" అన్నాడు బాపు. నవ్వాడు కూడా.

దసరా వచ్చింది. సమ్మె నడుస్తూనే ఉంది. సాయంత్రం బాపు జమ్మి ఆకు తెచ్చుకున్నాడు. మా దగ్గర ఆ రోజు జమ్మిని బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. చిన్నవాళ్ళే పెద్దవాళ్ళ ఇంటికి పోయి ఇవ్వాలి. మాటలు పోయినప్పటి నుంచి బాపు పెద్దబాపు గుమ్మం తొక్కలేదు. ఆ సాయంత్రం కూడా ముందు గుమ్మం వైపు పోలేదు. ఆకు పిడికిట్లో పట్టుకుని వెనక జాగలోకి వెళ్ళాడు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది, ఇద్దరం తలుపు చాటున నిలబడ్డాం.

పెద్దబాపు అప్పటికే గోడ అవతల ఉన్నాడు. ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. బాపు గోడ మీది నుంచి ఆయన చేతిలో జమ్మి పెట్టి, కాళ్ళకు మొక్కడానికి గోడ అడ్డం కాబట్టి ఆ గోడకే తల వంచాడు. పెద్దబాపు తన దగ్గరున్న జమ్మి తీసి ఇవ్వబోయాడు. అందుకోవాలంటే అరచెయ్యి వెల్లకిలా కావాలి. బాపు చెయ్యి మూడొంతులు తిరిగి ఆగిపోయింది, ఆకులు జారబోయాయి. పెద్దబాపు కింది నుంచి తన చెయ్యి అడ్డం పెట్టి, బాపు చేతిని ఆకులతో సహా పట్టుకున్నాడు.

"ఇంక తిరుగుతలేదారా?"

"తిరుగుతది."

"ఇన్ని రోజుల సంది చూస్తున్న. పొద్దుగాల్నే సగం దండమే వెడ్తున్నవ్ నాకు."

"అది నీకు గాదన్నా" అన్నాడు బాపు. "ఎక్సర్‌సైజ్ అది."

"నాకు ఎర్కలేదారా? నువ్వు నాకు దండం వెట్టే మొగోనివా?"

"ఎర్కుంటె మరి నువ్వెందుకు వెట్టినవ్?"

పెద్దబాపు పట్టు వదలకుండానే అన్నాడు, "మిషన్ బటన్లు ఒత్తి ఒత్తి నా చేతులు గూడ మొద్దువారినయ్. నాకు గూడ కసరత్తు ఉండాలె గదా."

బాపు నవ్వలేదు. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"గోడ ఎన్నడు నింపుతవ్?" అని అడిగాడు పెద్దబాపు.

"నిచ్చెన వట్టేటోడు గావాలె."

"దొరుకుతడు తియ్, ఎవడో ఒకడు" అని పెద్దబాపు లోపలికి పోయాడు.

పండుగ పోయి, వానలు పూర్తిగా ఆగి, గోడ ఎండాక ఒక పొద్దున బాపు రంగు డబ్బా తీశాడు. నేను వెంట పోయాను. నిచ్చెన మేం మోసుకుపోవాల్సిన పని పడలేదు. అది అప్పటికే గోడకు ఆనించి ఉంది, దాని కింద పలకరాళ్ళు కూడా పెట్టి ఉన్నాయి. పెద్దబాపు తెల్ల అంగీ చేతులు పైకి మడిచి పక్కన నిలబడ్డాడు. 

వానకు జై తెలం కొంచెం వెలిసింది. బాపు సుద్దతో గీత కొట్టి, నిచ్చెన ఎక్కాడు. కుడి చేత్తో కడ్డీ పట్టుకుంటూ ఎక్కాడు. నేను డబ్బా అందించాను. గా బాగానే వచ్చింది. చాయ్ హోటల్లోంచి గ్లాసులు పట్టుకుని జనం బయటికొచ్చారు, దీక్ష టెంటు పిల్లలూ వచ్చారు. ణ మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు. తోక దగ్గర కుంచె ఆగింది.

బాపు కింది పెదవి ముందుకొచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. మణికట్టు తిరగలేదు.  

నిచ్చెన పట్టుకున్న పెద్దబాపు పైకి చూడకుండానే అన్నాడు, "చిటికెనేలు తియ్యిరా గోడ మీదికెళ్ళి. మోచెయ్యి లేపు. కటౌట్లు రాసినట్టు భుజంతోని తిప్పు."

బాపు చిటికెన వేలు తీశాడు. మోచెయ్యి లేచింది, భుజం లేచింది, చెయ్యి మొత్తం ఒక్క ఊపులో తిరిగింది. తోక వచ్చింది. మిగతా అక్షరాలకంటే చాలా పెద్దగా, పైకి లేచి, పక్క ఇటుకల దాకా వచ్చింది.

"ణ గింత పెద్దగైందేందన్నా?" అని టెంటు పిల్లల్లో ఒకరు అన్నారు.

"ఆఖరక్షరం గదా. బస్సులకెళ్ళి గూడ కనవడాలె" అన్నాడు బాపు పైనుంచి.

"బస్సులే లేవు గదనే!" అన్నాడు చాయ్ హోటలాయన. అందరూ నవ్వారు.

బాపు కుంచె నాకిచ్చి దిగడం మొదలుపెట్టాడు. ఆఖరి మెట్టు దగ్గర కాలు తడబడింది. పట్టుకోవడానికి కడ్డీ అందలేదు. కుడి చెయ్యి చాచి, అరచెయ్యి పెద్దబాపు భుజం మీద ఆనించి, మనిషి బరువంతా దాని మీద వేసి నేల మీదికి దిగాడు. మణికట్టు వెనక్కి వంగింది. నిలిచింది.

నేను చూశాను. బాపూ తన చేతినే చూసుకున్నాడు, తర్వాత నా వైపు చూశాడు. మేడమ్ మాట మా ఇద్దరికే తెలుసు. 

పెద్దబాపు తెల్ల అంగీ భుజం మీద నీలం రంగు అరచెయ్యి పడింది, అయిదు వేళ్ళూ విడివిడిగా. ఆయన చూసుకోలేదు. నిచ్చెన భుజాన వేసుకుని ముందు నడిచాడు, బాపు వెనక కొస పట్టుకున్నాడు.

సాయంత్రం నేను పుస్తకాల దొంతి పెట్టి తువ్వాల పరుస్తుంటే గోడ అవతల పెద్దమ్మ గొంతు వినబడింది.

"కొత్తంగి! దసరకు కుట్టిచ్చిన అంగి! గీ రంగు వోతదా ఇగ? ఏం చేసొచ్చినవయ్యా నువ్వు?"

పెద్దబాపు ఏదో మెల్లగా అన్నాడు, మాకు వినబడలేదు. బాపు వేణ్ణీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చుని, ఆ తిట్లు అయిపోయేదాకా విన్నాడు.

"కిరసనాయిలు పెడితె పోతదని చెప్పి రా బిడ్డా" అన్నాడు. నేను లేచి నాలుగడుగులు వేసేసరికి వెనక నుంచి మళ్ళీ పిలిచాడు.

"ఆగు. నేనే వోతా."

తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, ముందు గుమ్మం వైపు నడిచాడు.